పిల్లోళ్ళు బిల్లు రాస్తే మైకు చూసి మార్కులేస్తారా?

మొన్న తిరుపతిలో ఒక కాలేజీలో మాక్ అసెంబ్లీ, అంటే అసెంబ్లీ మాదిరి పోటీ పెట్టినారు, చదువులు వ్యవసాయం ఈ రెండింటి మీదే పిల్లోళ్ళే చట్టాల బిల్లులు రాసుకోని రావాలంట, మా అక్క కొడుకు ఉన్నాడని నేనూ పోయినా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోని చూసినాక వచ్చిన మంట ఇది. పొడుగ్గానే ఉంటాది, ఓపికుంటే చదవండి.

ఫస్ట్ ప్రైజ్ వచ్చిన బిల్లు ఏందంటే ఆరో తరగతి నుంచి వ్యవసాయం కంపల్సరీ సబ్జెక్ట్. పాప బ్రహ్మాండంగా మాట్లాడింది, అన్నదాత, వెన్నెముక, రైతే రాజు అన్నీ వచ్చినాయి, హాలంతా చప్పట్లు. సరే, ఆ పాఠం చెప్పేదెవురు? ఏ పీరియడ్ తీసేస్తారు? జీతం ఏ పద్దులోంచి ఇస్తారు? బిల్లులో ఒక్క లైను లేదు. నిజం అసెంబ్లీలో ఖర్చుండే బిల్లు పెడితే ఆర్థిక మెమోరాండం, అంటే ఖర్చెంతో చెప్పే కాగితం, జత చెయ్యాల గదా, జడ్జీల్లో ఒక్కరైనా ఆ మాట అడిగింటే ఆ పాపే రాత్రికి కూర్చోని రాసుండేది. ఆమెనేమీ అనడంలా, అడగాల్సినోళ్ళు అడగలేదు, అంతే.

ఇంక కన్సొలేషన్ ఇచ్చి పంపించిన బిల్లు చూడండి. బంగారుపాళెం పక్క పిల్లోడు, ఇంటర్. వాడి బిల్లు తోతాపురి మామిడి మీద. 2025 సీజన్ మన చిత్తూరు జిల్లాలో ఎవురికీ చెప్పక్కర్లే, ఫ్యాక్టరీ కేజీకి 8 రూపాయలు, గవర్నమెంటు 4, మొత్తం 12 అన్నారు, మామిడి గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు రోజులకొద్దీ లైన్లో నిలబడి కాయ మాగిపోయి కారిపోయింది, ఆ 8 కూడా అందరికీ పూర్తిగా రాలా. దానికి వీడు రాసింది రెండే సెక్షన్లు. తూకం అయిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బులు కట్టాల, కట్టకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ. యాడ్నించి తెచ్చినాడో తెల్సా, 1966 నాటి చెరుకు కంట్రోల్ ఆర్డర్ నుంచి! చెరుక్కి ఈ రూలు ఎప్పట్నుంచో ఉంది, మామిడికి లేదు. చెరుక్కుండే రూలు మామిడికి ఎందుకుండకూడదు అని ఒక ఇంటర్ పిల్లోడు అడుగుతా ఉంటే జడ్జి ఒకాయన ఏమన్నాడంటే "కంటెంట్ ఓకే, ఎమోషన్ తక్కువైంది" అని. ఎమోషన్ ఏంది సార్, అది బిల్లు, డ్రామా కాదు.

అసలు మజా దాని తర్వాత. ప్రతిపక్షంలో కూర్చున్న ఒక పాప లేచి, చెరుకు రూలు ఉండి కూడా మన పక్క రైతులు బకాయిల కోసం ఏండ్ల తరబడి తిరిగినారు గదా, ఫ్యాక్టరీకే తాళం పడితే వడ్డీ ఎవురిస్తారు అని అడిగింది. చూడబ్బా, అదీ క్వశ్చన్! పిల్లోడు కాసేపు ఆగి, పాత బకాయి కట్టిన రసీదు చూపిస్తేనే తర్వాతి సీజన్ లైసెన్సు రెన్యువల్ అని సెక్షన్ మారుస్తా అన్నాడు. మరి ఆ సీజన్‌కి ఫ్యాక్టరీ తెరవకపోతే మా కాయ యాడికి పోవాల అని ఆమె మళ్ళీ లేచింది. అంతలో స్పీకర్ సీట్లో ఉన్న లెక్చరర్ బెల్ కొట్టేసినాడు, టైం అయిపోయిందంట. ఆ రోజు మొత్తమ్మీద నిజంగా చట్టం తయారైంది ఆ కాసేపే, దానికే టైం లేదు, గెస్టుకి శాలువా కప్పడానికి మాత్రం అర్ధగంట ఉంది.

ఇంకొక జడ్జి అయితే వ్యవసాయం సెంటర్ సబ్జెక్టు, మీ బిల్లు చెల్లదు అనేసినాడు. అయ్యా, రాజ్యాంగంలో వ్యవసాయం రాష్ట్రాల లిస్టులో 14వ ఎంట్రీ. 1976లో 42వ సవరణతో సెంటరూ రాష్ట్రమూ ఇద్దరూ చట్టం చెయ్యగలిగే ఉమ్మడి లిస్టులోకి పోయింది చదువు, వ్యవసాయం కాదు. 2020 మూడు సాగు చట్టాలప్పుడు పెద్ద పేచీల్లో ఒకటి ఇదే గదా, రాష్ట్రం దాంట్లో సెంటర్ ఎందుకు చెయ్యి పెట్టింది అని.

కౌలుదార్ల మీద కూడా ఒక బిల్లు వచ్చింది, కౌలు రైతుకిచ్చే గుర్తింపు కార్డుకి భూమి ఓనర్ సంతకం అక్కర్లేదు అని. మంచిదే, కానీ సంతకం బదులు రుజువేందో రాయలా.

చదువు బిల్లుల్లో నాకు నచ్చింది దామలచెరువు పక్క అమ్మాయిది. బడి తెరిచేది జూన్‌లో, తోతాపురి కోసేదీ అప్పుడే, తోటల్లో పనికిపోయే ఇండ్ల పిల్లోళ్ళకి ఆబ్సెంట్లు పడతాయి, ఆ తర్వాత మెల్లగా బడే మానేస్తారు. అందుకని ఆ మండలాల్లో బడి క్యాలెండర్ మార్చుకునే వీలుండాల అనింది. విద్యా హక్కు చట్టం 9వ సెక్షన్‌లో అకడమిక్ క్యాలెండర్ నిర్ణయించే పని స్థానిక సంస్థదే అని ఉంది, ఆమె అదీ చదివి వినిపించింది. వెంటనే ఒకడు లేచి అంటే బాల కార్మికుల్ని లీగల్ చేస్తారా అన్నాడు. కరెక్టు డౌటే. నాకూ ఇంకా తేలలా, సెలవిస్తే పిల్లల్ని తోటకే పంపిస్తారు, ఇయ్యకపోయినా పంపిస్తానే ఉన్నారు. ఈమెకి ఏ ప్రైజూ లేదు, ఇంగ్లీషులో చెప్పలేదని పక్కన ఎవురో గొణుగుతా ఉండ్రి.

వచ్చే ఏడు పెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, స్పీచికి మార్కులు తగ్గించి సెక్షన్లకి పెంచండి, ఎవురు చెయ్యాల, ఎన్నాళ్ళలో, డబ్బు యాడిది, చెయ్యకపోతే ఏమయితాది, ఇవి అడగండి. జడ్జీల్లో ఒక వకీలునీ, ఒక మామిడి రైతునీ కూర్చోబెట్టండి. ఆ బిల్లుల్ని బీరువాలో పెట్టి చెదలకి ఇయ్యకుండా అసెంబ్లీ పిటిషన్ల కమిటీకన్నా పంపించండి.

మామిడి పిల్లోడు బస్టాండ్ కాడ కనపడినాడు. తూకం చీటీ ఇయ్యకుండా లోడు దించుకుంటే 14 రోజులు ఎప్పట్నుంచి లెక్కపెడతావురా అని అడిగినా. బ్యాగులోంచి పేపర్ తీసి నిలబడుకోనే రాసుకున్నాడు.