బిందె మీద పేరు ఎవరిది?

ఈ సమ్మర్‌లో పిల్లలకి ఊరి చరిత్ర, వంశవృక్షం మీద క్లాసులు పెడదామని మన డాలస్ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో సిలబస్ పెట్టారు కదా, చూసి సంతోషమేసింది, కానీ ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. మొదటి క్లాసు 1757 బొబ్బిలి యుద్ధం, రెండోది 1794 పద్మనాభం యుద్ధం, మూడోది ముఖలింగం గంగరాజులు, ఆఖర్న డీఎన్ఏ కిట్. బానే ఉంది, కానీ కోటలో కత్తి పట్టుకున్నది మన తాతలు కాదు కదండీ, మనలో చాలామంది తాతలు ఆ టైంకి ఏ గెడ్డ (వాగు) పక్కనో పొలం దున్నుకుంటూ ఉండుంటారు. రాజుల కథ ఎప్పుడైనా చెప్పుకోవచ్చు, అది పుస్తకాల్లో ఉంది. అమ్మమ్మ కథ పుస్తకాల్లో లేదు, ఆవిడకి ఎనభై దాటాయి.

మొన్న సంక్రాంతికి నరసన్నపేట వైపు మా పెద్దమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాను. భోగికి ముందు అటక దులుపుతుంటే ఒక ఇత్తడి బిందె దొరికింది, సొట్టలు పడి నల్లగా ఉంది, చింతపండు పెట్టి తోమితే మెడ కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు బయటికొచ్చాయి. మొదటి రెండక్షరాలు సొట్టలో పోయాయి, "నరసమ్మ" మాత్రం మిగిలింది. మన వైపు సింహాచలం అప్పన్న పుణ్యమా అని ఇంటికో నరసమ్మ ఉంటుంది, ఏ నరసమ్మో ఎలా తెలుస్తుంది? పెద్దమ్మనడిగితే, "తెలీదేటే నీకు? మా మామ్మదే అది. పుట్టింటోలు పెట్టినారు. ఆయన రంగం ఎల్లిపోనాడు, మరి రానేదు. ఈ బిందా, కడుపులో మా నాయనా మిగిలినారు" అంది.

నలభై ఆరేళ్ళొచ్చి, మా ఇంట్లోంచి ఒకాయన రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళాడని నాకు ఆ రోజు తెలిసింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎన్ని ఇళ్ళ మగాళ్ళు రంగం వెళ్ళి రేవులో మూటలు మోశారో, 1930లో అక్కడ గొడవలైనప్పుడు ఎవరు చచ్చిపోయారో, 1942లో జపాన్ వాడు వచ్చినప్పుడు ఎవరు అడవుల్లో నడిచి వచ్చారో, ఎవరు రాలేకపోయారో, మన పిల్లలకి ఇది చెప్పరా? డాలర్ల కోసం వచ్చిన మనకి ఆ కథే కదా దగ్గర చుట్టం.

ఇంకో సంగతి ఏంటంటే, నాన్న వైపు వెతకడం ఈజీ, దస్తావేజుల్లో ఫలానా వారి కుమారుడు అని మగపేర్లు వరసగా ఉంటాయి, హద్దుల్లో పక్క పొలం వాళ్ళ పేర్లు కూడా దొరుకుతాయి. ఆడవాళ్ళు పెళ్ళవగానే ఇంటిపేరూ మారి ఊరూ మారి కాగితాల్లోంచి మాయం. వాళ్ళ పేర్లు మిగిలింది గిన్నెల మీద, బిందెల మీద. (మా కజిన్ పోయినేడు మూడు ఇత్తడి బిందెలు పాత సామాన్లవాడికి కేజీల లెక్కన వేసేశాడు, వాటి మీద ఏ పేర్లున్నాయో ఎవరూ చూడలేదు, నేను వాడితో రెండు రోజులు మాట్లాడలేదు.) పండగరోజు పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు పెద్దమ్మ పేర్లు చెప్తుంటే ఫోన్‌లో రికార్డు చేశాను, పదకొండు పేర్లు, అందులో ఏడు ఆడవాళ్ళవి.

కాగితాలు వెతికేవాళ్ళకి ఒకటి మాత్రం మొదటి క్లాసులోనే చెప్పాలి, మన ఊళ్ళు కదల్లేదు గానీ జిల్లాలు కదిలాయి. శ్రీకాకుళం టౌన్ 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది, ఒరిస్సా విడిపోయాక విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో సొంత జిల్లా అయ్యింది. పార్వతీపురం అయితే విశాఖపట్నం నుంచి 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో మన్యం. పాత ఇంగ్లీషు రికార్డుల్లో శ్రీకాకుళం అని కొడితే ఏమీ రాదు, చికాకోల్ అని వెతకాలి. మారిషస్ వెళ్ళిన కూలీల రిజిస్టర్లలో తండ్రి పేరు, ఊరు కూడా రాసుకున్నారు, అక్కడి తెలుగువాళ్ళు వాటిని పట్టుకుని మన ఊళ్ళు వెతుక్కుంటూ వస్తున్నారు, మనం మాత్రం ఫ్లైట్ దిగి రిసార్ట్‌కి పోతున్నాం.

డీఎన్ఏ కిట్ వద్దనను, కానీ అది మీ అమ్మమ్మ పుట్టిన ఊరు చెప్పదు. పైగా మనకి మేనరికాలు, అత్త కూతురు మామ కొడుకు అని తరతరాలుగా తిరిగి తిరిగి అవే ఇళ్ళు, అందుకని దూరపు చుట్టం కూడా రిపోర్టులో దగ్గరి కజిన్‌లా కనిపిస్తాడు. అలాగే మొదటి రోజే గోత్రం అడగొద్దు, అడిగారంటే రెండో వారానికి అది కుల సంఘం మీటింగ్ అయిపోతుంది, కోపం తెచ్చుకోకండి, చూసిన మాటే చెప్తున్నా.

నేననేది ఒకటే, ఒక్కో పిల్లకి ఊళ్ళో ఒక్కో పెద్దావిడని జత చెయ్యండి, సొంత అమ్మమ్మ లేకపోతే వేరేవాళ్ళ అమ్మమ్మ. మన డాలస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నర అంటే అక్కడ ఆదివారం పొద్దున్న ఏడు. అడగాల్సినవి పెద్ద ఏం లేవు, మీరు పుట్టిన ఊరేది, మీ బిందె మీద పేరెవరిది, మీ ఇంట్లోంచి రంగం ఎవరెళ్ళారు. వాళ్ళ మాట వాళ్ళలాగే రికార్డు చెయ్యండి, దిద్దొద్దు. మా అబ్బాయి "ఎల్లిపోనాడు తప్పు కదమ్మా" అన్నాడు, ముఖలింగం పక్కన పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామ్మూర్తి గారు జీవితమంతా పోట్లాడింది జనం మాట కోసమే అని చెప్పాల్సొచ్చింది. ముఖలింగం శాసనాలు కూడా ఆయన సొంతంగా చదవడం నేర్చుకున్నారు. ఆయన పుట్టినరోజున మనం మాత్రం ఏటా గ్రాంథికంలో స్పీచులు ఇస్తాం.

మొదటి కాల్‌కి మా పెద్దమ్మ రెడీ. ఏడుకి కాకుండా ఏడున్నరకి చెయ్యమంది, ఏడుకి పాలవాడొస్తాడట.