ఎడ్డెమంటే తెడ్డెమనే జంటల సినిమాలన్నీ ఒకటేనా?

“ఒకడు పద్ధతి మనిషి, ఇంకొకడు తిక్క మనిషి, మొదట కొట్టుకుంటారు, చివరికి ప్రాణమిచ్చుకుంటారు, ఫైటుకూ ఫైటుకూ మధ్య జోకులుంటాయి, ఇద్దరు స్టార్లు దొరికితే చాలు, ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే” అన్న మాట ఈ తరహా యాక్షన్ కామెడీల గురించి విరివిగా ప్రచారంలో ఉంది. ముగింపు ముందే తెలుస్తుందన్నంతవరకు అది నిజమే కానీ, దాన్నిబట్టి చేసిన తీర్మానాలేవీ నిలవవు.

మొదటిది, కథ ఒక్కటేనన్న వాదన. 1988లో వచ్చిన ‘మిడ్‌నైట్ రన్’లో, పరారీలో ఉన్న ఒక అకౌంటెంటును న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు చేర్చడం రాబర్ట్ డి నీరో పాత్రకు అప్పగించిన పని. చార్లెస్ గ్రోడిన్ పోషించిన ఆ అకౌంటెంటు, చేతికి సంకెళ్ళున్నా సరే, సిగరెట్లు మానమంటూ తనను పట్టుకున్నవాడికే హితబోధ చేస్తుంటాడు. మాజీ భార్య ఇచ్చిన, సరిగా నడవని చేతి గడియారాన్ని ఆ మొండిమనిషి ఎందుకు వదల్లేకపోతున్నాడో మనకు తెలిసేది కూడా ఈ విసిగించే ప్రశ్నల వల్లే. చివర్లో దాన్ని తీసి అకౌంటెంటు చేతిలో పెట్టినప్పుడు, స్నేహం కుదిరిందని ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కరలేదు. అంతకు ముందు ఏడాది వచ్చిన ‘లెథల్ వెపన్’లోనో, భార్యను పోగొట్టుకుని చావుకు తెగించిన పోలీసును, ఇల్లూ పిల్లలూ ఉన్న యాభై ఏళ్ళ పోలీసుకు జతచేశారు. అక్కడ పొంతన లేనిది స్వభావాలకు మాత్రమే కాదు, బతుకు మీది ఆశకు కూడా. ఈ రెండూ ఒకే కథ అనేవారు బహుశా పోస్టర్లు చూసి ఊరుకుని ఉంటారు.

స్టార్లుంటే చాలన్నదానికి జవాబు చిన్నదే. టీవీ హాస్యంతో పేరు తెచ్చుకున్న ఎడ్డీ మర్ఫీకి 1982 నాటి ‘48 అవర్స్’ తొలి చిత్రం. జైలు నుంచి రెండు రోజులకు బయటికి తెచ్చిన ఖైదీ పాత్రలో అతను, పోలీసు బ్యాడ్జి పట్టుకుని ఒక బార్‌లో అందరినీ హడలగొడుతుంటే నవ్వు తెప్పించేది స్టారు హోదా కాదు, అధికారం చేతులు మారిన తీరు. ఇద్దరికీ ఒకరితో ఒకరికి అవసరమే లేకుండా అతికించిన చిత్రాలు, ఎంత పేరున్న నటులున్నా, చప్పగానే ఉంటాయి.

ఇక ఫైట్ల మధ్య ఖాళీని జోకులతో నింపుతారన్న మాట. 1998 నాటి ‘రష్ అవర్’ పతాక ఘట్టంలో జాకీ చాన్ శత్రువులతో తలపడుతూనే, ప్రదర్శనకు పెట్టిన పురాతన కూజాలు పడి పగిలిపోకుండా పట్టి నిలబెడుతుంటాడు. అందులోంచి హాస్యాన్ని తీసేస్తే ఫైటే మిగలదు. జోడీగా నటించిన క్రిస్ టక్కర్ నోటితో, చాన్ ఒంటితో నవ్విస్తారు. ఆ ఇద్దరికీ పొంతన కుదరకపోవడం వల్లే రెండు రకాల హాస్యమూ ఒకే చిత్రంలో ఇమిడింది.