“డాక్టర్ రాసిన మాత్రలకు అడిక్షన్ ఏంటి?” అనే మెసేజ్‌కు జవాబు

స్టిమ్యులెంట్ మాత్రల గురించి, అంటే ఏడీహెచ్‌డీకి (మనసు ఒకచోట నిలవని సమస్య), నార్కోలెప్సీకి (పగలే ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు) రాసే మిథైల్‌ఫెనిడేట్, యాంఫెటమిన్ లాంటి వాటి గురించి, ఒక మెసేజ్ చేతులు మారుతూ తిరుగుతోంది. సారాంశం ఇది: డాక్టర్ రాసిన మందుకు ఎవరూ బానిస కారు. అలవాటైందనిపిస్తే టక్కున ఆపేస్తే సరి. దీనికి మందే లేదు కాబట్టి చికిత్స దండగ. మరీ కష్టమైతే ఎక్కడో ఒకచోట 7 రోజులు అడ్మిట్ అయితే ఒళ్లు శుభ్రమైపోతుంది. ఆ తర్వాత ఏడీహెచ్‌డీ మందు జన్మలో ముట్టకూడదు.

పూర్తి అబద్ధమైతే ఇంతగా పాకేది కాదు. ప్రతి మాటలోనూ చిటికెడు నిజం ఉంది. చిక్కంతా అక్కడే.

“డాక్టర్ రాసిన మందుకు ఎవరూ బానిస కారు.” చీటీ ఉన్నా లేకపోయినా మెదడులో డోపమిన్ అనే రసాయనం మీద ఈ మందు పనిచేసే తీరు ఒక్కటే. ఈ రెండు మందులూ మనసు మీద పనిచేసే మందులను అదుపులో ఉంచే 1971 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో రెండో షెడ్యూలులో ఉన్నాయి. దుర్వినియోగం, అడిక్షన్, ఓవర్‌డోస్ ప్రమాదం గురించి డబ్బా మీది హెచ్చరికను అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2023లో మరింత స్పష్టం చేసింది. ఇక ఇందులోని చిటికెడు నిజం: చెప్పిన డోసు చెప్పిన వేళకు వేసుకునే మనిషికి మందు కాస్త అలవాటు పడినా, ఆపితే నీరసం వచ్చినా, అంతమాత్రాన అది అడిక్షన్ కాదు. మానసిక వైద్యులు జబ్బును నిర్ధారించడానికి వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకంలో అడిక్షన్‌కు 11 లక్షణాలున్నాయి. ఏడాదిలో రెండు కనిపిస్తే సమస్య ఉన్నట్టు. కానీ డాక్టర్ చెప్పినట్టు వాడేవాళ్ల విషయంలో ఆ పదకొండులో రెండింటిని, అంటే డోసు పెంచాల్సి రావడాన్నీ, ఆపితే వచ్చే ఇబ్బందినీ, లెక్కలోకి తీసుకోరు. నెలకిచ్చిన మాత్రలు పద్దెనిమిదో రోజుకే అయిపోవడం, ఒకరికి తెలియకుండా ఇంకొకరి దగ్గర రాయించుకోవడం, నలగ్గొట్టి ముక్కుతో పీల్చడం, ఇంట్లో దాచడం... ఇవి వేరే సంగతి.

“టక్కున ఆపేస్తే ఏమీ కాదు.” మద్యం ఆపినప్పుడు వచ్చినట్టు ఇక్కడ ఫిట్స్ సాధారణంగా రావు. ఆ మేరకు నిజమే. వచ్చేది ఇంకోటి. ఆపిన ఒకటి రెండు రోజుల్లో మనిషి కుప్పకూలినట్టవుతాడు. ఎంత పడుకున్నా తీరని నిద్ర, లేదా అసలు నిద్రే పట్టకపోవడం. తగని ఆకలి, పీడకలలు, దేని మీదా మనసు పోకపోవడం. కొందరిలో ఆ దిగులు చచ్చిపోవాలన్న ఆలోచన దాకా వెళ్తుంది. అలాంటి మనిషిని గదిలో ఒంటరిగా వదిలేసి “ఓర్చుకో” అనడం సలహా కాదు. ఇంకోటి, ఈ మెసేజ్ రాసినవారికి బహుశా తట్టనిది: పగలంతా స్టిమ్యులెంట్ వేసుకునేవాళ్లు రాత్రి నిద్ర కోసం నిద్రమాత్రలనో మద్యాన్నో పట్టుకోవడం కొత్తేమీ కాదు. అన్నీ ఒకేసారి ఆపేస్తే ఆ రెండో దాని వల్ల ఫిట్స్ రావచ్చు. కాబట్టి చికిత్సకు వెళ్లినప్పుడు ఏమేం వాడుతున్నారో మొత్తం చెప్పాలి. గుండెలో నొప్పి, ఒళ్లు కాలిపోయేంత వేడి, ఎవరో వెంటాడుతున్నారన్న భ్రమ ఉంటే కౌన్సెలింగ్ కోసం అపాయింట్‌మెంట్ వెతుకుతూ కూర్చోకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

“మందే లేదు కాబట్టి చికిత్స దండగ.” నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. స్టిమ్యులెంట్ అడిక్షన్‌కంటూ అమెరికా నియంత్రణ సంస్థ ఆమోదించిన మందు లేదన్నది నిజం. ప్రయత్నాలు జరుగుతున్నాయి. మెథాంఫెటమిన్ (ఇదే కోవకు చెందిన బలమైన మత్తుమందు) వాడేవాళ్ల మీద నాల్ట్రెక్సోన్ ఇంజెక్షన్‌నూ బుప్రోపియాన్ మాత్రనూ కలిపి చేసిన ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. మందు తీసుకున్నవాళ్లలో 13.6 శాతం మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 2.5 శాతం మందికి గుణం కనిపించింది. తేడా ఉంది, కానీ అద్భుతమేమీ కాదు.

అయితే మాత్ర లేదంటే వైద్యం లేదనా? ఇప్పటిదాకా గట్టిగా నిలిచింది కంటింజెన్సీ మేనేజ్‌మెంట్ అనే పద్ధతి. వారానికి రెండు మూడుసార్లు యూరిన్ టెస్ట్ చేస్తారు. మందు ఆనవాలు లేకపోతే అప్పటికప్పుడు చిన్న కూపనో బహుమతో ఇస్తారు. “పెద్దవాళ్లకు తాయిలమా?” అని మొదట నాకూ నవ్వొచ్చింది. కానీ వెంటనే దొరికే ఫలానికి అలవాటుపడ్డ మెదడుకు, ఎప్పుడో బాగుపడతావన్న హామీ కంటే చేతిలో పడే చిన్న బహుమతే పట్టు ఇస్తుంది. దీనికి తోడు సీబీటీ అనే కౌన్సెలింగ్ ఉంటుంది. ఏ వేళకు, ఏ టెన్షన్‌లో చెయ్యి మాత్ర మీదికి పోతోందో గుర్తుపట్టి, ఆ క్షణంలో ఏం చెయ్యాలో నేర్పుతారు. ఈ ఆధారాల్లో ఎక్కువ భాగం కొకైన్, మెథాంఫెటమిన్ వాడేవాళ్ల మీద వచ్చినవే, అది దాచక్కర్లేదు. ఇంకో చిన్న విషయం: మామూలు యాంఫెటమిన్ యూరిన్ టెస్ట్‌లో మిథైల్‌ఫెనిడేట్ తేలదు. చేరే ముందు “మీ టెస్ట్ ఈ మందును పట్టుకుంటుందా?” అని అడిగితే, అక్కడివాళ్లకు ఈ అడిక్షన్ గురించి ఎంత తెలుసో కూడా అర్థమైపోతుంది.

“7 రోజులు అడ్మిట్ అయితే శుభ్రం.” ఒంట్లోంచి మందు పోవడానికి ఆ 7 రోజులు కూడా అక్కర్లేదు. దిగులు, ఆ మాత్ర కావాలన్న లాగుడు వారాల తరబడి ఉంటాయి. డిశ్చార్జి అయ్యాక ఎన్ని నెలలు చూస్తారు, సైకియాట్రిస్ట్ ఉన్నారా అని అడగండి. గ్యారంటీ ఇచ్చేవాళ్లనైతే అనుమానించండి. చీటీ దొరక్క బయట కొనే మాత్రల సంగతి మరీ ఘోరం: అచ్చం అసలు మాత్రల్లాగే ఉన్న నకిలీల్లో మెథాంఫెటమిన్, ప్రాణం తీయగల ఫెంటానిల్ అనే మత్తుమందు బయటపడ్డాయి.

“ఏడీహెచ్‌డీ మందు జన్మలో ముట్టకూడదు.” ఈ భయం వల్లే చాలామంది డాక్టర్‌తో నోరు విప్పరు. నిజానికి స్టిమ్యులెంట్ కాని మందులున్నాయి. అటొమాక్సిటిన్‌కు అమెరికాలో 2002లోనే అనుమతి వచ్చింది. అడిక్షన్ ఉన్నా ఏడీహెచ్‌డీకి స్టిమ్యులెంటే అవసరమని డాక్టర్ తేల్చినప్పుడు, నెమ్మదిగా విడుదలయ్యే రకాన్ని కొద్దికొద్దిగా ఇస్తూ, మాత్రలు ఇంట్లో మరొకరి చేతిలో ఉంచి, దగ్గరగా గమనిస్తూ నడిపించే దారి కూడా ఉంది. అసలు ఏడీహెచ్‌డీ ఉందా లేదా అన్నది కూడా ఆపిన మొదటి వారాల్లో తేల్చేయకూడదు. ఆ రోజుల్లో ఎవరికైనా మనసు నిలవదు.