గ్రిజ్లీ ఎండ వెతుక్కోదండీ, మంచు వెతుక్కుంటుంది

మా ఫ్యామిలీ గ్రూపులోకి వారంలో మూడుసార్లు వచ్చింది ఈ ఫార్వర్డ్. అమెరికాలో గ్రిజ్లీ ఎలుగుబంట్లు చలికాలం రాగానే ఎండ తగిలే వెచ్చటి గుహ చూసుకుంటాయట, ఏటా అదే గుహకి వస్తాయట, లోపల కుంభకర్ణుడిలా పడుంటాయి కాబట్టి పక్కకెళ్లి ఫొటో తీసినా లేవవట. మొత్తం తప్పే, చివరి ముక్క అయితే ప్రాణాల మీదకి తెచ్చేది.

మన శ్రీకాకుళం వైపు ఎలుగులు కొండరాళ్ల సందుల్లో పడుకుంటాయి కదా, అందుకే గుహ అనగానే నమ్మేస్తాం. కానీ మనవి అసలు చలికాలం నిద్రకే పోవు. అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కులో గ్రిజ్లీలు చాలావరకు బొరియ సొంతంగా తవ్వుకుంటాయి, అదీ నిటారు వాలు మీద, ఎక్కువగా పెద్ద చెట్టు వేళ్ల కింద, ఎందుకంటే ఆ వేళ్లే పైకప్పు కూలకుండా పట్టుకుంటాయి. కొన్ని రోజుల పాటు తవ్వి టన్ను దాకా మట్టీ రాళ్లూ బయటికి తోసేసి లోపల కొమ్మలు పరుచుకుంటుంది.

ఇక ఎండ మాట. అక్కడ ఎక్కువ బొరియలు ఉత్తరం వైపు వాలుల్లోనే ఉంటాయి, సుమారు 6,500 నుంచి 10,000 అడుగుల ఎత్తులో, అంటే చలి ఇంకా ఎక్కువున్న చోట! కారణం మంచు. నైరుతి నుంచి వీచే గాలి మంచుని తెచ్చి అటువైపే పోస్తుంది, అటు ఎండ సరిగ్గా పడదు కాబట్టి అది వసంతం దాకా కరగదు, ఆ మందపాటి మంచులో గాలి చిక్కుకుని దుప్పటిలా పనిచేస్తుంది. నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే, చలిని ఆపడానికి మంచునే కప్పుకోవడం.

అదే గుహకి రావడం కూడా కుదరదు, వసంతంలో మంచు కరిగి మట్టి నాని చాలా బొరియలు కూలిపోతాయి, వచ్చే ఏడు మళ్లీ తవ్వుకోవాల్సిందే. 1960లలో ఎలుగుల మీద పరిశోధన చేసిన ఫ్రాంక్, జాన్ క్రెయిగ్‌హెడ్ అన్నదమ్ములు ఎలుగుల మెడకి రేడియో కాలర్లు కట్టి బొరియల దాకా వెంబడించి చూశారు, అప్పట్నుంచీ తెలుస్తున్న సంగతులే ఇవి.

నిద్ర గురించి మాత్రం దయచేసి జాగ్రత్త. తిండీ నీళ్లూ ఉండవు, గుండె బాగా నెమ్మదిస్తుంది, నిజమే, కానీ ఒంటి వేడి కొద్ది డిగ్రీలే తగ్గుతుంది, అలికిడైతే లేచి మీదకొస్తుంది. పైగా జనవరి, ఫిబ్రవరిలో తల్లి ఆ బొరియలోనే పిల్లల్ని కంటుంది. మగవి మార్చిలోనే బయటికి రావడం మొదలుపెడతాయి, పసిపిల్లలున్న తల్లులు ఏప్రిల్, మే దాకా అక్కడే ఉంటాయి. అటువైపు మంచులో ట్రెక్కింగ్‌కెళ్లే మన పిల్లలుంటే ఈ తేదీలు పంపండి, ఆ ఫార్వర్డ్ కాదు.