“మన జోలికి హ్యాకర్లెవరొస్తారు?” అనే మెసేజీకి జవాబు

చీమకుర్తి గ్రానైట్ వాళ్ల గ్రూపుల్లోనూ, నెల్లూరు రొయ్యల ఎగుమతిదారుల గ్రూపుల్లోనూ ఒకే తరహా మెసేజి తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: హ్యాకర్లు పెద్ద కంపెనీల మీదే పడతారు, మనకి మంచి యాంటీవైరస్ చాలు, పాస్‌వర్డ్ నెలనెలా మార్చండి, హార్డ్ డిస్కులో రోజూ బ్యాకప్ పడుతుంటే రాన్‌సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే ప్రోగ్రాం) గురించి బెంగ అక్కర్లేదు, మెయిలుకి ఓటీపీ పెడితే ఇంకెవరూ దూరలేరు, ఏదన్నా జరిగితే బయటికి చెప్పకుండా సిస్టమ్ ఫార్మాట్ కొట్టించండి. చాలావాటిలో కొంత నిజముంది కాబట్టే జనం నమ్ముతున్నారు. ఆఖరి సలహాలో అదీ లేదు.

“మనమెవరో వాళ్లకి తెలీదు”

తెలియాల్సిన పనే లేదు. 2013లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు జీమ్యాప్ అనే టూల్ తెచ్చారు. గిగాబిట్ లైనున్న ఒక్క కంప్యూటర్‌తో ప్రపంచంలోని ఐపీవీ4 అడ్రసులన్నిటినీ (నెట్‌లో యంత్రాల్ని గుర్తించే నంబర్లు) గాలించి, ఫలానా పోర్టు (నెట్ నుంచి లోపలికొచ్చే నంబరున్న తలుపు లాంటిది) ఎక్కడెక్కడ తెరిచి ఉందో 45 నిమిషాల్లోపు చెప్పేస్తుంది. పేరూ ఊరూ చూడదు. ఆడిటరు ఒంగోలు నుంచి టాలీ చూసుకోవడానికని రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్‌కి (దూరం నుంచి పీసీని నడిపే సౌకర్యం) పోర్టు ఫార్వర్డ్ చేసి, అంటే బయటినుంచి దారి తెరిచి, వదిలేసిన పీసీ ఇలాంటి గాలింపుకే దొరుకుతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌కి మామూలుగా ఉండే పోర్టు 3389 తీసేసి 3390 పెట్టినంత మాత్రాన దాక్కున్నట్టు కాదు, ఆ పక్క నంబర్లనూ స్కానర్లు చూస్తాయి. ఆ తర్వాత పాస్‌వర్డులు ఒకదాని వెంట ఒకటి ప్రయత్నించే పని కూడా మెషీనే చేస్తుంది.

మీ ఆఫీసు పరిస్థితి మీరే చూసుకోవచ్చు. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద, ఆఫీసు పబ్లిక్ ఐపీకి (బయటి నెట్‌కి కనిపించే అడ్రసు) రిమోట్ డెస్క్‌టాప్ యాప్‌తో కనెక్ట్ అవడానికి ప్రయత్నించండి. పోర్టు మార్చి ఉంటే ఆ నంబరు కూడా ఇవ్వండి. లాగిన్ స్క్రీన్ వచ్చిందంటే అది లోకమంతటికీ వస్తున్నట్టే. రౌటర్‌లో ఆ ఫార్వర్డ్ తీసేయండి, యూపీఎన్‌పీ (అడగకుండానే పోర్టులు తెరిచే రౌటర్ సెట్టింగ్) ఆపండి, ఆడిటరుకి వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రహస్య దారి) ఖాతా విడిగా ఇవ్వండి. ఎప్పుడో ప్రింటరు రిపేరుకని వేసిన ఎనీడెస్క్ (దూరం నుంచి పీసీని నడిపే యాప్) ఇంకా పర్మనెంట్ పాస్‌వర్డ్‌తో నడుస్తుంటే దాన్నీ తీసేయండి.

2024 జూలై ఆఖర్లో బ్యాంకులకు టెక్నాలజీ సేవలందించే సీ-ఎడ్జ్ సంస్థ మీద రాన్‌సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు దేశంలో సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగాయి. వాటిలో సహకార బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు ఉన్నాయి. ఆ బ్యాంకులు చిన్నవే. వాళ్లు నమ్ముకున్న సంస్థకి దెబ్బ తగిలితే వాళ్ల పనీ నిలిచిపోయింది.

“యాంటీవైరస్ ఉంటే చాలు”

ఉండాలి. కానీ దొంగిలించిన పాస్‌వర్డ్‌తో మామూలుగా లాగిన్ అయినవాణ్ణి అది వైరస్ అనుకోదు. వాడు అడ్మిన్ హక్కులు సంపాదిస్తే మొదట ఆపేది దాన్నే. రోజూ బిల్లింగ్ చేసే యూజర్‌కి అడ్మిన్ హక్కులు తీసేయండి, విండోస్ డిఫెండర్‌లో ట్యాంపర్ ప్రొటెక్షన్ (దాన్ని వేరేవాళ్లు ఆపకుండా కాపాడే సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో చూడండి. విండోస్ 10కి మామూలు సపోర్టు (భద్రతా లోపాల్ని సరిచేసే అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. క్రాక్ సాఫ్ట్‌వేర్ వేస్తే మాత్రం, బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డులన్నీ దానితో వచ్చిన దొంగ ప్రోగ్రాం ఎత్తుకుపోయే ప్రమాదం ఉంది.

“నెలనెలా పాస్‌వర్డ్ మార్చండి”

పాతబడిన సలహా ఇది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే దీన్ని వద్దంది. గడువు పెట్టి మార్పిస్తే మనుషులు ఒంగోలు@01, ఒంగోలు@02 అని పెడతారు. ఒకటి దొరికితే తర్వాతిది ఊహించొచ్చు. 15 అక్షరాలకి తగ్గకుండా, ఒక్కో చోట ఒక్కోటి పెట్టి, పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచండి. లీకైందని అనుమానమొస్తే మాత్రం ఆ క్షణమే మార్చండి.

“రోజూ బ్యాకప్ పడుతోంది కదా”

ఎక్కడ పడుతోంది? సీపీయూకి ఎప్పుడూ తగిలించి ఉండే యూఎస్‌బీ డిస్కులో అయితే అది కంప్యూటర్‌కి ఇంకో డ్రైవ్ మాత్రమే. రాన్‌సమ్‌వేర్ సీ డ్రైవ్‌తో ఆగదు. డీ, ఈ, నెట్‌వర్క్‌లో మ్యాప్ చేసిన షేర్లు, రాయడానికి వీలున్న ప్రతిదాన్నీ లాక్ చేస్తుంది. అంతకు ముందే విండోస్ తనంతట తాను దాచుకున్న షాడో కాపీల్ని చెరిపేయడం దాని అలవాటు. క్లౌడ్‌లో సింక్ అయ్యే ఫోల్డర్ ఉంటే పాడైన ఫైళ్లే అక్కడికీ ఎక్కుతాయి. పాత వెర్షన్లు వెనక్కి తెచ్చుకునే సౌకర్యం ఉండాలి, దాన్ని ఎలా వాడాలో ఆఫీసులో ఒకరికైనా వచ్చుండాలి.

రెండు డిస్కులు కొనండి. ఒకటి సోమ, బుధ, శుక్రవారాల్లో, రెండోది మిగతా రోజుల్లో. కాపీ అవగానే ఊడదీయాలి. ఆ రోజు వాడనిది ఆఫీసులో కాకుండా వేరేచోట ఉండాలి. పాత యూఎస్‌బీ 2 పోర్టులో సెకనుకి 30 ఎంబీ చొప్పున 400 జీబీ కాపీ అవడానికి దాదాపు మూడు గంటల నలభై నిమిషాలు పడుతుంది. అంతసేపు ఆగలేకే డిస్కును రాత్రంతా తగిలించి వెళ్లిపోతారు. యూఎస్‌బీ 3 పోర్టు, దానికి తగ్గ డిస్కు వాడితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

వెనక్కి తెచ్చి చూడని బ్యాకప్‌ని లెక్కలోకి తీసుకోవద్దు. నెలకోసారి ఖాళీ పీసీలో టాలీ వేసి, డేటా ఫోల్డర్‌లో 10000, 10001 అంటూ అంకెల పేర్లతో ఉండే కంపెనీ ఫోల్డర్ని అందులోకి కాపీ చేసి తెరవండి. ట్రయల్ బ్యాలెన్స్ బ్యాకప్ తీసిన రోజు లెక్కతో కలవాలి. టాలీ తెరిచి ఉండగా తీసిన కాపీ సరిగా తెరుచుకోకపోవచ్చు. అందరూ మూసేశాకే తీయండి.

“ఓటీపీ ఉంది, మెయిల్ భద్రం”

మన రెండు జిల్లాల ఎగుమతిదారులకి అన్నిటికంటే పెద్ద నష్టం తెచ్చిపెట్టగల మాట ఇదే. ఉద్యోగికి “షిప్పింగ్ డాక్యుమెంట్ చూడండి” అని లింకు వస్తుంది. నొక్కితే అచ్చం మెయిల్ లాగిన్ పేజీయే కనిపిస్తుంది. అది మధ్యలో కూర్చున్న దొంగ సర్వర్. మీరు కొట్టిన పాస్‌వర్డూ ఓటీపీ రెండూ వెంటనే అసలు సైటుకి పంపి, లాగిన్ అయిన సెషన్ని తను పట్టుకుంటుంది. అడ్రస్ బార్‌లో తాళం గుర్తు దానికీ ఉంటుంది.

ఆ తర్వాత దొంగ తొందరపడడు. మెయిళ్లు చదువుతూ కూర్చుంటాడు. కొనేవాడి పేరున్న మెయిళ్లు ఎవరూ చూడని ఫోల్డర్లోకి పోయేలా రూల్ పెడతాడు. 30 శాతం అడ్వాన్సు, బీఎల్ (సరుకు ఓడెక్కినట్టు ఇచ్చే పత్రం, బిల్ ఆఫ్ లేడింగ్) కాపీ పంపాక మిగతా 70 శాతం అనే ఒప్పందమైతే, సరిగ్గా బీఎల్ పంపిన రోజున “మా ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈ ఖాతాకి వేయండి” అని కొనేవాడికి మెయిల్ వెళ్తుంది. కొన్నిసార్లు మీ మెయిల్ నుంచే, కొన్నిసార్లు పేరులోని ‘ఎమ్’ బదులు ఇంగ్లీషు ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెట్టిన డొమైన్ నుంచి. చిన్న ఫోన్ తెరమీద తేడా కనిపించదు. సరుకు ఓడెక్కేసింది, డబ్బు ఇంకెవరి ఖాతాకో చేరింది.

మీ బ్యాంకు వివరాలు కాంట్రాక్టులోనే రాసి, “మెయిల్ ద్వారా ఖాతా మార్పు చెల్లదు” అనే షరతు చేర్చండి. మార్పు వస్తే కొనేవాళ్లు మీకు ఫోన్ చేయాలి, అదీ మెయిల్‌లో ఉన్న నంబరుకి కాదు, పాత పరిచయమున్న నంబరుకి. మెయిల్‌కి ఓటీపీ బదులు పాస్‌కీ (ఫోన్‌లో గానీ పీసీలో గానీ ఉండే డిజిటల్ తాళంచెవి) గానీ సెక్యూరిటీ కీ (యూఎస్‌బీ లాంటి చిన్న పరికరం) గానీ పెట్టండి. అవి అసలు డొమైన్‌కి కట్టుబడి ఉంటాయి కాబట్టి దొంగ పేజీలో పనిచేయవు. పాస్‌కీ పెట్టి పాత ఓటీపీ దారి తెరిచే ఉంచితే దొంగ ఆ దారినే వస్తాడు, దాన్ని మూసేయండి. డొమైన్‌కి ఎస్‌పీఎఫ్, డీకిమ్ (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందా అని తేల్చే సెట్టింగులు) సరిచేసుకుని, తేడా వస్తే ఏం చేయాలో చెప్పే డీమార్క్‌ని ‘నన్’ (ఏమీ చేయొద్దు) దగ్గర వదిలేయకుండా మెల్లగా ‘రిజెక్ట్’ (తిప్పికొట్టు) దాకా తీసుకెళ్లండి. మీ డొమైన్ పేరుతో వేరేవాళ్లు పంపే మెయిళ్లని అది ఆపుతుంది, పోలిన డొమైన్లని ఆపదు.

ఖాతా చేజారిందని తెలిస్తే పాస్‌వర్డ్ మార్చి ఊరుకోవద్దు. అన్ని డివైసుల నుంచి సైన్ అవుట్ చేయించాలి, ఫార్వర్డింగ్ రూల్స్ చూడాలి, దొంగ తన ఫోన్ని రెండో ధృవీకరణగా చేర్చుకున్నాడేమో చూడాలి, అనుమతి పొందిన యాప్‌లు తీసేయాలి.

“ఎవరికీ చెప్పకుండా ఫార్మాట్ కొట్టండి”

ఇది మాత్రం చేయకండి. సైబర్ ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనలు తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకి తెలియజేయాలి, లాగ్‌లు (సిస్టమ్‌లో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు) 180 రోజులు ఉంచాలి. డబ్బు వెళ్లిపోయి ఉంటే ముందు మీ బ్యాంకుకీ కొనేవాళ్ల బ్యాంకుకీ చెప్పి రీకాల్ (డబ్బు వెనక్కి పంపమనే అభ్యర్థన) పెట్టించండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాకి మారేలోపు చెబితేనే ఆపడానికి వీలు. నెట్‌వర్క్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి, పవర్ మాత్రం ఆపకండి. దొంగ ఏ దారిన వచ్చాడో చెప్పే ఆనవాళ్లు కొన్ని మెమరీలోనే ఉంటాయి. ఫార్మాట్ కొడితే డిస్కులోవీ పోతాయి, అదే పోర్టు, అదే పాస్‌వర్డుతో కొత్త విండోస్ మళ్లీ నెట్ ఎక్కుతుంది.