ఆ ఫార్వర్డ్ రాసినవాళ్ళు డాన్స్ గేము ఆడినట్టు లేరు

దసరా సెలవులు వస్తున్నాయంటే చాలు, హనుమకొండ, కాజీపేట అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. కార్టూన్ బొమ్మల డాన్స్ వీడియో గేములు పిల్లల్ని టీవీకి అతికిస్తాయట, కెమెరాతో ఇల్లంతా తీసి కంపెనీకి పంపుతాయట, ఫిట్స్ తెప్పిస్తాయట, చివరికి బతుకమ్మనీ కాకతీయుల నాటి పేరిణి నాట్యాన్నీ మరిచిపోయేలా చేస్తాయట. పది మందికి పంపమని కింద ఒక ఆర్డరు కూడా.

మొదటి మాటకి ప్రపంచ ఆరోగ్య సంస్థను సాక్ష్యం తెచ్చారు. 2019లో ఆ సంస్థ చెప్పింది, 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలు కూర్చుని స్క్రీన్ చూసే సమయం రోజుకు గంట దాటొద్దని. డాన్స్ గేము నిలబడి ఆడేది. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం 2006లో కొనామీ కంపెనీ వారి డాన్స్ గేము డాన్స్ డాన్స్ రెవల్యూషన్‌ను బడుల్లో వ్యాయామం కోసం పెట్టాలని నిర్ణయించింది కూడా.

అయితే అన్ని గేములూ ఒకటి కాదు. 2005 నాటి డాన్స్ డాన్స్ రెవల్యూషన్ మారియో మిక్స్‌కి కింద పరిచే మ్యాట్ ఉంటుంది. బాణం గుర్తు మీద సరిగ్గా సమయానికి కాలు పడితేనే పాయింట్లు. 2011లో నింటెండో వారి వీ (Wii) గేమ్ కన్సోల్‌కి వచ్చిన స్మర్ఫ్స్ డాన్స్ పార్టీ మాత్రం చేతిలో రిమోట్ ఎలా కదిలిందో అంతే చూస్తుంది, కాళ్ళ సంగతి దానికి తెలియదు. సోఫాలో కూలబడి చెయ్యి ఊపినా స్కోరు వస్తుంది. పిల్లలు ఈ కిటుకు కనిపెట్టడానికి ఎంతో సేపు పట్టదు. అందుకే "ఇది జిమ్‌తో సమానం" అని ఎదురు వాదించేవాళ్ళనీ నేను పూర్తిగా నమ్మను.

ఇక కెమెరా. మారియో మ్యాట్‌కీ, వీ రిమోట్‌కీ కెమెరాతో పనే లేదు. అది ఉన్నది ఎక్స్‌బాక్స్ వాళ్ళ కన్సోల్‌కి తగిలించి ఒంటి కదలికల్ని పట్టే పరికరం కినెక్ట్‌లో. 2012లో వచ్చిన జస్ట్ డాన్స్ డిస్నీ పార్టీని దాని మీదా ఆడొచ్చు. ఎక్స్‌బాక్స్ 360 అయితే నెట్ తీసేసి డిస్కు పెట్టి చూడండి, గేము మామూలుగానే నడుస్తుంది. నెట్టే లేనప్పుడు వీడియో ఏ దారిన పోతుంది? అనుమానం ఊరికే పుట్టలేదు లెండి. 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌కి కినెక్ట్ తగిలించే ఉండాలని మైక్రోసాఫ్ట్ అంటే జనం గోల చేశారు, కంపెనీ వెనక్కి తగ్గింది. 2017లో దాని తయారీయే ఆపేశారు.

ఫిట్స్ మాట పూర్తిగా అబద్ధం కాదు, దీన్ని కొట్టిపారేయకూడదు. 1997 డిసెంబరులో జపాన్‌లో పోకెమాన్ కార్టూన్ ఒక ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మినుకుమనడంతో సుమారు 685 మంది పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. కానీ అది టీవీలో వచ్చిన కార్టూన్, ఎవరూ గేము ఆడట్లేదు. నింటెండో తన హెచ్చరికల్లో రాసే లెక్క ప్రకారం ఇలా మెరుపులకు ఫిట్స్ వచ్చే అవకాశం ఉన్నవాళ్ళు 4,000 మందిలో ఒకరు. ఇంట్లో ఎవరికైనా ఇంతకుముందు ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టర్ని అడిగాకే ఆడించండి. మిగతావాళ్ళు గదిలో లైటు వేసి, టీవీకి దూరంగా నిలబడి, మధ్యమధ్యలో ఆపితే చాలు.

బతుకమ్మ, పేరిణి దగ్గరికి వచ్చేసరికి నవ్వాగలేదు. కాకతీయ రాజు గణపతిదేవుడి దగ్గర గజసైన్యానికి అధిపతిగా ఉన్న జాయప సేనాని 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి అనే నాట్యగ్రంథం రాస్తూ ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు దేశి (ప్రాంతీయ) నృత్యాలకే ఇచ్చాడు. పేరిణి అందులో ఉంది. తర్వాత మరుగున పడిపోతే 20వ శతాబ్దంలో నటరాజ రామకృష్ణ మళ్ళీ నిలబెట్టారు. అది మరుగున పడిన రోజుల్లో ఈ ఊళ్ళో కరెంటే లేదు, ఇక వీడియో గేము ఎక్కడిది? బతుకమ్మ సంగతికొస్తే, ఎంగిలిపూల నాడు సాయంత్రం వేయిస్తంభాల గుడి దగ్గరికి పోయి చూడండి, కాలు పెట్టే చోటు దొరికితే.

నిజంగా భయపెట్టాలనుకుంటే ఆ మెసేజ్‌లో రాయాల్సింది వేరే ఉంది. 2006లో వీ రిమోట్లు చేతుల్లోంచి జారి ఎగిరిపోతున్నాయని నింటెండో 32 లక్షల మణికట్టు పట్టీలను మార్చి ఇస్తామంది. ఇప్పుడు మన ఇళ్ళల్లో కన్సోల్ తక్కువ, ఫోనునే రిమోట్‌గా పట్టుకుని ఆడే జస్ట్ డాన్స్ నౌ లాంటివే సులువు. ఫోనుకి ఆ పట్టీ కూడా ఉండదు. చేతులు చెమట పట్టాక జారితే టీవీ ఒకటి, ఫోను ఒకటి, రెండూ పోతాయి.