సవరణ: గుత్తి నీలి టరాంటులా ఉండేది నల్లమలలో

గుత్తి నీలి టరాంటులా (పీసిలోథీరియా మెటాలికా) అనే పెద్ద సాలీడు మీద ముందు పెట్టిన పోస్టులో మూడు విషయాలు మారాలి. అది గుత్తి చుట్టుపక్కల ఉంటుందని, నేలలో బొరియ తవ్వుకుంటుందని, దాని కాటు తేనెటీగ కుట్టినంతేనని అందులో ఉంది.

1899లో జీవశాస్త్రవేత్త పోకాక్ మొదటిసారి వర్ణించిన సాలీడు గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది. బహుశా దుంగలతో పాటు వచ్చి ఉంటుంది. ఆ తర్వాత వందేళ్లకు పైగా ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో మళ్లీ దొరికింది. ఇప్పటికీ దాని ప్రధాన చిరునామా ఆ కాస్త అడవే. అక్కడ చెట్లు కొట్టేస్తే దాని మనుగడే కష్టం. అందుకే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని తీవ్రంగా అంతరించిపోతున్న జాతిగా గుర్తించింది.

ఇది చెట్టు తొర్రల్లో బతికే జీవి. పెంపకంలో దీనికి లోతైన మట్టి కాదు, నిలువుగా ఎత్తైన పెట్టె, దాక్కోవడానికి బోలు బెరడు, గాలి, నీళ్ల గిన్నె కావాలి. కుబుసం విడిచేటప్పుడు మేతగా వేసే కీచురాళ్లను లోపల వదలకండి.

కాటు సంగతి మరీ ముఖ్యం. దీనికి దురద పుట్టించే నూగు ఉండదు. రక్షణంతా వేగం, కోరలే. కరిస్తే తీవ్రమైన నొప్పి, కండరాలు పట్టేయడం రోజుల తరబడి ఉండొచ్చు. చేతిలోకి అస్సలు తీసుకోకండి.

అడవిలో పట్టినదాన్ని ఎవరు ఇచ్చినా దయచేసి కొనకండి. 2019 నుంచి ఈ ప్రజాతి (పీసిలోథీరియా) మొత్తం, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది.